నువ్వు తిన్నన్ని ముద్దలు

రాయగడలో మునిసిపాలిటీ నీళ్ళ ట్యాంకు వెనక సందులో, ఒక స్టీలు కంచం సంగతి తెలియని ఆడమనిషి లేదు. ఒక అంచు సొట్టపోయిన మామూలు కంచం అది. పెళ్ళికి మేనమామ ఇస్తూ అడుగున ఆ ఇంటాయన లక్ష్మణుడి పేరు చెక్కించాడు. ఆ కంచంలో ఎవరు ముందు తినాలి, ఎవరు తర్వాత తినాలి అన్న దాని మీద ఆ ఇంట్లో రెండేళ్ళు పోరు నడిచింది. పనిలేక పెట్టుకున్న పోరు కాదు. ఆ ఇంటి కోడలు బుల్లి బతుకుతుందా లేదా అన్నది అందులోనే ఉంది.

పేరుకే బుల్లి. మనిషి మాత్రం నిలువెత్తు. చింతపండు గొడౌన్లో పిక్కలు తీసే ఆడవాళ్ళందరిలోకీ ఆమె గొంతే పెద్దది, ఆమె నవ్వే పెద్దది. మునిగుడ వైపు నుంచి సరుకు దిగిన రోజున మగవాళ్ళతో సమానంగా బస్తా మూల పట్టి ఈడ్చేది. పార్వతీపురం దగ్గర పల్లెటూరు ఆమెది. మేనత్త అప్పమ్మే ఏరికోరి అన్న కూతుర్ని తెచ్చి కొడుక్కి చేసుకుంది. ఆ కొడుకు లక్ష్మణుడు మునిసిపాలిటీలో నీళ్ళు వదిలే మనిషి. తెల్లారేసరికి ట్యాంకు దగ్గరికి వెళ్ళి, ఇనప కడ్డీతో వాల్వులు తిప్పి, ఒక్కో వీధికీ నీళ్ళు వదిలేవాడు. మాటలు బహు తక్కువ. ఉన్న నాలుగు మాటలూ కూడా వాల్వు కట్టేసినట్టు మధ్యలో ఆపేసేవాడు.

బుల్లి కాపరానికి వచ్చిన మొదటి రోజే, కొడుకు తిని లేచిన కంచాన్ని అప్పమ్మ కోడలి ముందుకి జరిపింది.

"ఇందులోనే తిను అమ్మి. కడగొద్దు. నానూ మీ మావయ్య కంచంలోనే తిన్నాను, ఆయన పోయిందాకా. మొగుడు తిన్న కంచంలో తింటే కాపరం సల్లగుంటాది."

ఈ కాలంలో కూడా ఇదేం పద్ధతని, తర్వాత్తర్వాత కాలేజీకి వెళ్ళే వయసొచ్చాక బుల్లి కూతురు ధనశ్రీ మూతి తిప్పేది. బుల్లికి మాత్రం ఆ కంచమంటే ఇష్టం. చేపల పులుసు వండిన రోజు లక్ష్మణుడు లేచి వెళ్ళాక చూస్తే, కంచంలో ఓ మూల, మెతుకుల కింద, ఒక చేప ముక్క ఉండేది. ముల్లు తక్కువగా ఉండే మంచి ముక్క. నీకోసమని ఆయన ఏనాడూ చెప్పలేదు, ఎందుకు వదిలేవని ఆమె ఏనాడూ అడగలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో లక్ష్మణుడు పెళ్ళాంతో సరసంగా మాట్లాడగా చూసిన వాళ్ళెవరూ లేరు గాని, ఆ ముక్క మాత్రం ఒక్కసారి కూడా తప్పలేదు.

జబ్బు సంగతి బుల్లి మొదట దాచింది. ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలినప్పుడు, బస్తా అంచు ఒరుసుకుని ఉంటుందనుకుని పసుపూ సున్నం పట్టు వేసుకుంది. చెప్పడానికి సిగ్గు. చెబితే ఎవరో చూడాలి, చూసేది మగ డాక్టరయితే ఎలాగ అని భయం. అలా ఎన్నాళ్ళో గడిపేసింది. చివరికి ఒక రోజు నీళ్ళ బిందె ఎత్తబోయి చెయ్యి లేవక కూలబడితే, లక్ష్మణుడు చూశాడు. ఏమిటని అడిగాడు. చెప్పింది. ఆ మనిషి తిట్టలేదు, కొట్టలేదు. చొక్కా వేసుకుని వెళ్ళి సెలవు అడిగి వచ్చాడు.

విశాఖపట్నంలో ఆపరేషన్ అయింది. రొమ్ము తీసేశారు. తర్వాత ఎక్కించాల్సిన మందు కొరాపుట్‌లో పెద్దాసుపత్రిలోనే ఎక్కిస్తారని తెలిసి, మొగుడూ పెళ్ళాలిద్దరూ రాయగడ నుంచి రైల్లో కొరాపుట్ తిరగడం మొదలుపెట్టారు. వెళ్ళేటప్పుడు బాగానే ఉండేది. వచ్చేటప్పుడే నరకం. ఆ మందు కడుపులో పేగుల్ని మెలిపెట్టేది. లక్ష్మణుడు కిటికీ పక్కన ఆమెని కూర్చోబెట్టి, మూత ఉన్న పాత పెయింటు డబ్బా ఒకటి పట్టుకుని కూర్చునేవాడు. ఆమె కక్కుకుంటే అందులో పట్టేవాడు. మూత పెట్టి, తువ్వాలుతో ఆమె మూతి తుడిచి, ఏమీ జరగనట్టు కిటికీలోంచి బయటికి చూసేవాడు. ఎదుటి సీట్లో వాళ్ళు ముక్కులు మూసుకుంటే, వాళ్ళ వైపు కూడా చూసేవాడు కాదు.

ఆ దారి నిండా సొరంగాలే. రైలు కొండ కడుపులోకి దూరిందంటే పెట్టె అంతా చీకటి. ఆ చీకటిలో లక్ష్మణుడు బుల్లి చెయ్యి పట్టుకునేవాడు. గట్టిగా, వాల్వు కడ్డీ పట్టుకున్నట్టే పట్టుకునేవాడు. వెలుగు కనబడే లోపల వదిలేసి, బీడీ కోసం జేబు తడుముకునేవాడు. పదిమంది మధ్య పెళ్ళాం చెయ్యి పట్టుకునే అలవాటు ఆ కుటుంబాల్లో లేదు మరి. బుల్లికి నోరంతా పూసి, జుట్టంతా ఊడి, ఒళ్ళంతా బొగ్గులా నల్లబడిన ఆ రోజుల్లో, ఆమె ఇష్టంగా ఎదురుచూసేది ఏదైనా ఉంటే అది సొరంగమే.

అసలు తిప్పలు ఇంటి దగ్గర మొదలయ్యాయి. అన్నం వాసన వస్తే చాలు బుల్లికి తిప్పేసేది. అయినా పద్ధతి పద్ధతే. ముందు మొగుడు తిని, లేచి, పనికి వెళ్ళిపోయేవాడు. ఆయన కంచంలో తన అన్నం పెట్టుకుని బుల్లి వెనక గుమ్మంలో కూర్చునేది. ఆ అన్నాన్ని ఆమె తినడం ఎవరూ చూడలేదు, తినకపోవడమూ ఎవరూ చూడలేదు. పక్కింటి మేక ఒకటి మాత్రం ఆ వేళకి సరిగ్గా వచ్చి నిలబడేది. ఆ సందులో అంత నిగనిగలాడే మేక ఇంకొకటి లేదు.

మూడోసారి మందుకి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ బుల్లిని తూకం వేసి, లక్ష్మణుణ్ణి పక్కకి పిలిచి ఒరియాలో చీవాట్లు పెట్టింది. ఇలా చిక్కిపోతే మందు ఎక్కించడానికి లేదు, మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది, ఇంట్లో అన్నం పెడుతున్నారా లేదా అని అడిగింది. లక్ష్మణుడు తలవంచుకుని, రెండు పూటలా తింటోందమ్మా అని చెప్పాడు. మనసులో మాత్రం ఏదో అనుమానం పడింది. మర్నాడు పనికి బయల్దేరినట్టే బయల్దేరి, సందు మలుపు దాకా వెళ్ళి, ఇంటి వెనక నుంచి వచ్చాడు. బుల్లి ఒక చేత్తో కంచం పట్టుకుని, రెండో చేత్తో మేక మెడ నిమురుతోంది. మేక అన్నం తింటోంది.

లక్ష్మణుడు గట్టిగా అరుస్తాడనుకుంది బుల్లి. ఆయన మేకని అదిలించి, మెట్టు మీద ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఒలే బుల్లీ," అన్నాడు. "ఇయ్యాల్టి నుంచి నువ్వు ముందు తిను. నీ తరవాత ఇదే కంచంలో నాను తింటాను."

"సీ! ఏటా మాటలు మావా? నా ఎంగిలి నువ్వు తింటావేటి?"

"తింటాను. నువ్వు తిన్నన్ని ముద్దలే తింటాను. రెండు తింటే రెండు. ఏటీ తినకపోతే నాకూ లేదు. మేకకి పెడతావో నాకు పెడతావో నువ్వే సూసుకో."

ఊరికే బెదిరిస్తున్నాడనుకుంది. ఆ రాత్రి కష్టం మీద మూడు ముద్దలు మింగి కంచం పక్కకి జరిపింది. లక్ష్మణుడు ఆ కంచం తన ముందుకి లాక్కుని, సరిగ్గా మూడు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని పడుకున్నాడు. మర్నాడు పొద్దున్నా అంతే. మూడు ముద్దలు తిని, కడ్డీ భుజాన వేసుకుని వెళ్ళాడు. బజార్లో ఇడ్లీలు తింటాడులే, మగాడు ఆకలికి ఎక్కడ ఓర్చుకుంటాడు అని బుల్లి సరిపెట్టుకుంది. సాయంత్రం టిఫిన్ బండి ఆవిడ కనబడితే అడిగింది కూడా. లక్ష్మణుడు టీ తాగి వెళ్ళాడే గాని ఇడ్లీ ముట్టలేదని ఆవిడ చెప్పింది. ఆ కడ్డీ ఎంత బరువో, ఆ వాల్వులు ఎంత బిగుసుకుపోయి ఉంటాయో ఆమెకి తెలుసు. ఆ రాత్రి కళ్ళు మూసుకుని, ముక్కు బిగబట్టుకుని, మొగుడి ఆకలి తీర్చడానికి తింటున్నానని చెప్పుకుంటూ ఐదు ముద్దలు తింది.

తన కోసమైతే ఆమె తినేది కాదు. ఆ సంగతి లక్ష్మణుడికి తెలుసు. తెలిసే ఆ పని చేశాడు.

నోరు పూసిన మనిషికి కారం పనికిరాదు, పులుపు పనికిరాదు. పులుసు లేనిదే ముద్ద దిగని లక్ష్మణుడు ఉప్పులేని పప్పూ అన్నం తిన్నాడు. ఒకసారి రైల్లో, అడ్డాకుల మూటతో ఎక్కిన ఒక కొండ ముసలామె బుల్లి అవస్థ చూసి, అన్నం పోకపోతే చోడి అంబలి, అదే రాగి జావ, చల్లార్చి తాగించమని కొండల దేశియా మాటల్లో చెప్పింది. అది మాత్రం బుల్లి గొంతులోంచి దిగింది. అప్పటి నుంచి అది కూడా లెక్క ప్రకారమే. ఆమె ఒక గ్లాసు తాగితే ఆయన ఒక గ్లాసు. బుల్లి చేప వండితే, పాత అలవాటు కొద్దీ కంచంలో మూలకి ఆయన కోసం ఒక ముక్క వదిలేది. లక్ష్మణుడు దాన్ని గట్టిగా నవ్వుతూ మళ్ళీ ఆమె వైపు తోసేవాడు. ఆ మనిషి అలా నవ్వడం బుల్లి ఆ జబ్బు రోజుల్లోనే చూసింది.

నవ్వనిది అప్పమ్మ ఒక్కతే. కొడుకు పెళ్ళాం ఎంగిలి తినడం కళ్ళారా చూసిన రోజు ఆమె నెత్తి బాదుకుంది.

"ఓలమ్మో, ఇదేటి అన్నేయం! పెళ్ళాం ఎంగిలి తింటే మగోడి ఆయుస్సు తరిగిపోద్ది గదరా! ఒలే బుల్లీ, నా అన్న కూతురివని తెచ్చుకున్నాను గదే. నా కొడుకుని తినీడానికి తెచ్చుకున్నానేటి?"

"అమ్మా, ఆయుస్సు కంచంలో ఉంటాదేటి? నువ్వూరుకో," అనేవాడు లక్ష్మణుడు.

ముసలిదాని చాదస్తమని తీసిపారేయడానికి లేదు. కొడుకు చొక్కా వదులైపోవడం, మెడ ఎముకలు బయటపడడం ఆమె చూస్తూనే ఉంది. కోడలికి బాగులేని వారం కొడుకు కడుపూ ఖాళీయే. ఏ తల్లి ఊరుకుంటుంది? అప్పమ్మ దొంగచాటుగా కొడుకు జేబులో అటుకులు పోస్తే, ఆయన వాటిని తెచ్చి బుల్లి ముందు పోసేవాడు. దాంతో ముసలామెకి మరీ మండేది. కోడలితో మాట మానేసింది. అయినా రోజూ పొద్దున్నే లేచి చోడిపిండి జల్లించేది ఆమే.

బుల్లికి లోపల భయంగానే ఉండేది. అత్త అన్న మాట అబద్ధమని గట్టిగా అనుకునేది గాని, తన ఎంగిలి కంచంలో ఆయన చెయ్యి పెట్టిన ప్రతిసారీ చూడలేక తల పక్కకి తిప్పుకునేది.

మందులు పూర్తయ్యాయి. జుట్టు మళ్ళీ మొలిచింది, పొట్టిగా, రింగులు తిరిగి. బుల్లి గొంతు మళ్ళీ సందు చివరి దాకా వినబడసాగింది. చిట్టచివరి పరీక్షకి కొరాపుట్ వెళ్ళినప్పుడు డాక్టరమ్మ కాగితాలన్నీ చూసి, జబ్బు ఎక్కడా కనబడడం లేదని, ఇక రోజుకో మాత్ర అన్నం తిన్నాక వేసుకుంటే చాలని చెప్పింది. గదిలోంచి బయటికి వస్తూ లక్ష్మణుడు గుండె మీద చేత్తో రాసుకున్నాడు.

"ఏటయింది మావా? ఎలాగూ ఆసుపత్రికొచ్చేం గదా, నువ్వూ ఓపాలి సూపించుకో."

"నాకేటి? ఎద్దులాగున్నాను. గేసు పట్టీసినాది, అంతే."

ఆ మాట పట్టుకుని ఆమె ఊరుకుంది. ఇన్నిసార్లు ఆసుపత్రి మెట్లెక్కిన ఆ మనిషి తన ఒంటిని ఒక్కసారైనా ఎవరికీ చూపించుకోలేదు. ఆ సంగతి బుల్లికి అప్పుడు తట్టలేదు. తర్వాత తట్టి ఏం లాభం?

తిరుగు రైల్లో మొదటి సొరంగం వచ్చింది. లక్ష్మణుడు చెయ్యి పట్టుకున్నాడు. బుల్లికి ఆయనతో ఏదో చెప్పాలని ఉంది. ఫోన్లో ధనశ్రీ అందరికీ చెప్పినట్టు మొగుడికి థాంక్యూ అని చెబితే, నీకు పిచ్చి పట్టిందేటే అంటాడు. నువ్వు లేకపోతే నేను లేను అంటే, సినిమా మాటలు మాట్లాడకు అంటాడు. వెలుగు రాబోతోంది. ఆయన వేళ్ళు వదులవుతున్నాయి. బుల్లి వదల్లేదు. రైలు బయటికి వచ్చింది, పెట్టె అంతా ఎండ పడింది, ఎదురుగా పెద్దమనుషులు కూర్చున్నారు. ఆమె ఆ చెయ్యి అలాగే పట్టుకుంది.

"వొదలే. అందరూ సూస్తన్నారు."

"సూడనీ."

లక్ష్మణుడి చెవులు ఎర్రబడ్డాయి. చెయ్యి మాత్రం లాక్కోలేదు.

"మావా, ఇక నువ్వు ముందు తినాల," అంది బుల్లి. "నీ కడుపు నిండా తినాల. నీ తరవాత నాను తింటాను, ముందటి లాగ."

"ఆదివారం," అన్నాడాయన. "సేప తెస్తాను. పులుసు కాయి, సింతపండు బాగా ఏసి. అప్పుడు తింటాను."

బుల్లి గొడౌన్లో అడిగి పాత చింతపండు, నల్లగా పులుపెక్కినది, ముద్దకట్టి తెచ్చి ఉంచుకుంది. ఆదివారం ఆయన తిని లేచేదాకా పక్కన కూర్చుని విసరాలనుకుంది. తను చెప్పలేని మాటంతా ఆ ఒక్క భోజనంలో పెట్టి వడ్డించాలనుకుంది.

శుక్రవారం పొద్దున్న సందులో కుళాయిలు రాలేదు.

ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని నిలబడ్డారు. లక్ష్మణుడు ఎక్కడ చచ్చాడని ఎవరో విసుక్కున్నారు. ఎప్పుడూ అనుకునే మాటే అది, నీళ్ళు ఆలస్యమైన ప్రతిసారీ అనేదే. కాసేపటికి ట్యాంకు వైపు నుంచి మనుషులు పరిగెత్తుకుంటూ వచ్చారు. లక్ష్మణుడు వాల్వు గుంట పక్కనే కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. కడ్డీ వాల్వుకే ఉంది. గుండె ఆగిపోయిందని ఆసుపత్రిలో చెప్పారు.

శవం ఇంటికి వచ్చినప్పుడు అప్పమ్మ కొడుకు మీద పడి ఏడ్చింది. తర్వాత తల తిప్పి కోడలి వైపు చూసింది.

"తినీసేవు గదే," అంది. గట్టిగా కూడా అనలేదు. "ముద్ద ముద్దా తినీసేవు నా కొడుకుని."

ఎంగిలి తింటే గుండె ఆగదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. బుల్లికీ తెలుసు. తెలిసిన మాట ఒకటి తలలో ఉంటుంది, అత్త అన్న మాట వెళ్ళి కడుపులో కూర్చుంటుంది. ఆయన తిన్న ఆ మూడు ముద్దలు, ఆ రెండు ముద్దలు, ఆ అంబలి గ్లాసులు అన్నీ ఆమెకి గుర్తుకొచ్చాయి. నేను ఇంకా కాస్త కష్టపడి తిని ఉంటే ఆయన ఇంకా కాస్త తినేవాడు గదా అనుకుంది. ఆ మేకకి పెట్టిందంతా ఆయనకి పోవాల్సింది గదా అనుకుంది. ఏడుపు రాలేదు. ఆకలి రాలేదు. ఎవరైనా కంచం తెచ్చి ముందు పెడితే, ఇది నా తర్వాత ఎవరు తింటారు అనిపించి చెయ్యి వెనక్కి వచ్చేసేది. చావింట్లో అందరూ అందరికీ పెడుతున్నామనుకుంటారు. టీ నీళ్ళు తప్ప బుల్లి నోట్లోకి ఏమీ వెళ్ళడం లేదని ఎవరూ పట్టించుకోలేదు. ధనశ్రీ మాత్ర తెచ్చిచ్చినప్పుడల్లా తిన్నాక వేసుకుంటానని చెప్పి కొంగున ముడేసుకునేది. అలా వేసుకోని మాత్రలు ఆమె కొంగు ముడిలో పోగుపడ్డాయి.

పెద్దకార్యం రోజు పొద్దున్న నాగావళి ఒడ్డున చేయాల్సినవన్నీ చేశారు. గాజులు తీశారు, బొట్టు తీశారు. ఇంటికి వచ్చాక, పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి ఇంటి వెనక గోడ మీద విస్తరి పెట్టాలి. కాకి ముడితేనే ఆయన తృప్తిగా వెళ్ళినట్టు. ఆ తర్వాతే మిగతా వాళ్ళకి భోజనాలు. చేపల పులుసు తానే వండుతానని బుల్లి లేచింది. దాచిన చింతపండు తీసి నానబెట్టి, చిక్కగా పిసికి పోసింది. లక్ష్మణుడు అడిగిన పులుసు అదే, రోజు మాత్రం తప్పిపోయింది. విస్తట్లో అన్నం, పులుసు, గారెలు, పక్కన బీడీ కట్ట, గ్లాసుతో టీ పెట్టి గోడ మీద ఉంచారు.

కాకి రాలేదు.

రోజూ ఆ గోడ మీద అరిచి చంపే కాకులు ఆ రోజు చింతచెట్టు మీద కూర్చుని తలలు తిప్పుకున్నాయి. ఎండ నడినెత్తికి వచ్చింది. వచ్చిన చుట్టాల కడుపులు కాలుతున్నాయి. లక్ష్మణుడి చెల్లెలు ఉషారాణి కళ్ళు తుడుచుకుంటూ, "అన్నా, ధనశ్రీని సదివిస్తాం, నువ్వు బెంగెట్టుకోకు," అంది. కాకి రాలేదు. ఆమె మొగుడు మహేశ్వరరావు చేతులు జోడించి, ఉద్యోగం ఇంట్లో వాళ్ళకి వచ్చేలా ఆఫీసు చుట్టూ తానే తిరుగుతానని మాటిచ్చాడు. కాకి రాలేదు. ఇంటి కప్పు రేకులు మారుస్తామని ఒకరు, ముసలి తల్లిని చూసుకుంటామని ఒకరు, ఇంక ఎవరికి తోచింది వాళ్ళు ఒప్పుకున్నారు. ఆకలి మీద ఉన్న మనిషి ఎంత పెద్ద మాటైనా ఇచ్చేస్తాడు. కాకులు ఒక్క మాటనీ నమ్మినట్టు లేదు.

బుల్లి వెనక గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉంది. లక్ష్మణుడు ఆమె పక్కన కూర్చుని నువ్వు ముందు తిను అన్న మెట్టే అది. ఆయన తినడం లేదు, నా మీద కోపంతోనే వెళ్ళాడు, నా పులుసు కూడా ఆయనకి వద్దు అని ఆమె లోపల్లోపల కుమిలిపోతోంది.

గోడ వారన ముడుచుకు కూర్చున్న అప్పమ్మ లేచింది. ఎవరినీ అడక్కుండా గోడ మీది విస్తరి తీసింది. అందరూ అరె అరె అంటుండగానే రెండు చేతులా పట్టుకుని వచ్చి కోడలి ముందు పెట్టింది.

"తిను అమ్మి."

బుల్లి తలెత్తి చూసింది. అత్త తనతో మాట్లాడి ఎన్నో రోజులైంది.

"అత్తా, ఇది మావకి..."

"మావకే. ఆడు రెండేళ్ళుగా నీకన్నా ముందర ఓ మెతుకైనా ముట్టుకున్నాడేటి? ఇప్పుడు ముందు తినీమంటే తింటాడేటి? మొండి ఎదవ."

మహేశ్వరరావు అడ్డం వచ్చాడు. "ఏటత్తా ఇది? పోయినోడికి ఎంగిలి పెడతారేటి? పాపం గదా!"

"ఆడికి ఎంగిలే కావాల," అంది అప్పమ్మ. "నువ్వూరుకో బాబూ. నా కొడుకు సంగతి నాకు తెల్దేటి? ఇది తిన్నాదో లేదో అని సూస్తాడు ఆడు. ఆడు పోయిన కాడ్నించి దీని నోట్లో మెతుకు పళ్ళేదు. మీరెవులూ సూళ్ళేదు. నాను సూసేను. ఇది తినకపోతే ఆడూ తినడు. ఆడూ పస్తే గదా ఇన్నాళ్ళూ!"

కోడలి ముందు నేల మీద కూలబడి, విస్తట్లో అన్నంలోకి పులుసు తనే ఒంపింది. బుల్లి చెయ్యి పట్టి అందులో పెట్టింది.

మొదటి ముద్ద గొంతులో అడ్డం పడింది. అప్పమ్మ నీళ్ళ గ్లాసు నోటికి పట్టింది. పులుపు నాలుకకి తగిలి చెవుల దాకా జిల్లుమంది. అంత పులుపు తిని ఎన్నాళ్ళయిందో. ఆదివారం అని ఆయన అన్న మాట చెవిలో వినబడింది. అన్ని రోజులుగా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. వెక్కుతూనే రెండో ముద్ద కలిపింది. మూడో ముద్ద కలిపింది. నాలుగోది మింగి, చేప ముక్కని వేళ్ళతో విస్తరి మూలకి జరిపి, దాని మీద కాస్త అన్నం కప్పి చెయ్యి వెనక్కి తీసుకుంది.

అప్పమ్మ ఆ ముక్క వైపు చూసింది. కొడుకు కంచంలో అలాంటి ముక్కని ఆమె కూడా ఎన్నోసార్లు చూసి ఉంటుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, విస్తరిని మళ్ళీ కోడలి దగ్గరికి జరిపింది.

"ఇంకా తిను అమ్మి," అంది. "ఆడు కడ్డీ తిప్పే మనిషి. నాలుగు ముద్దలు ఆడికేటి సరిపోతాయి?"

బుల్లి మళ్ళీ అన్నంలో చెయ్యి పెట్టింది.